కామా, చుక్క, లక్షలు, గుంటలు: ప్రాంతీయ సంఖ్యలను డేటాబేస్‌లోకి ఎక్కించేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

సీఎస్‌వీ ఫైళ్లను (విలువలను కామాల వంటి గుర్తుతో విడదీసి రాసే సాదా టెక్స్ట్ ఫైళ్లను) డేటాబేస్‌లోకి ఎక్కించే పనిలో కొత్తగా చేరినవారూ, ఏళ్ల తరబడి అదే పని చేస్తున్నవారూ నన్ను అడిగే సందేహాలు దాదాపు ఒకటే. ప్రతిసారీ మొదటినుంచి చెప్పే బదులు ఒకచోట రాసి పెడితే మేలనిపించి ఇవి కూర్చాను. పని జరిగే వరుసలో ప్రశ్నలను విడదీశాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కనుక మీకు కావలసిన చోటే మొదలుపెట్టండి.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఎర్రర్ చూపి ఆగిపోయిన ఫైలుతో మనకు పోయేది గంటో రెండు గంటలో. ఏ ఎర్రరూ లేకుండా లోపలికి వెళ్లిపోయిన తప్పు సంఖ్యతో డబ్బు పోతుంది, పొలం లెక్క మారుతుంది, మాట పోతుంది. కింది జవాబులన్నీ ఆ రెండో ప్రమాదాన్ని తలచుకుంటూ రాసినవే.

## ఫైలు చేతికి వచ్చినప్పుడు

ఒకే సంఖ్యను ఒక్కో దేశంలో ఒక్కోలా రాస్తారట. నాకు ఏయే తీరులు తెలిసి ఉండాలి?

పన్నెండు లక్షల ముప్ఫై నాలుగు వేల ఐదు వందల అరవై ఏడున్నరను మనం 12,34,567.50 అని రాస్తాం. అమెరికాలో 1,234,567.50 అని, జర్మనీలో 1.234.567,50 అని, ఫ్రాన్స్‌లో 1 234 567,50 అని, స్విట్జర్లాండ్‌లో 1’234’567.50 అని రాస్తారు. జర్మనీ వారి కామా మన చుక్క. వారి చుక్క మన కామా.

వీటిలో ఏదీ తప్పు కాదు. తూనికలు, కొలతల అంతర్జాతీయ సాధారణ సదస్సు 2003లో చేసిన తీర్మానం దశాంశ గుర్తుగా చుక్కనైనా కామానైనా వాడవచ్చని చెప్పింది. అంకెల గుంపుల మధ్య మాత్రం ఖాళీ ఉండవచ్చు తప్ప చుక్కగాని కామాగాని పెట్టవద్దంది. ఆ రెండో మాటను వ్యాపార లోకం పట్టించుకోలేదు. మన పనికి కారణం అదే.

ఫైలు ఏ తీరులో ఉందో పంపినవారు చెప్పలేదు. చూసి కనిపెట్టడం ఎలా?

ఒక్క విలువను చూసి తేల్చకండి. కాలమ్ మొత్తాన్ని సాక్ష్యంగా తీసుకోండి. ఒకే విలువలో చుక్కా కామా రెండూ ఉంటే, చివర వచ్చేది దశాంశ గుర్తు. ఒక గుర్తు రెండుసార్లు వస్తే అది గుంపులు విడదీసేది, ఎందుకంటే ఒక సంఖ్యకు రెండు దశాంశ గుర్తులు ఉండవు. గుర్తు తర్వాత మూడు కాకుండా రెండో నాలుగో అంకెలతో విలువ ముగిసిపోతే అది దశాంశం. 0,250 లాగా ముందు సున్నా ఒక్కటే ఉన్నా దశాంశమే. మధ్య గుంపులో రెండే అంకెలుంటే, అంటే 12,34,567 వంటిది కనిపిస్తే, ఫైలు మన దేశపు తీరులో ఉన్నట్లు.

తేలనిది ఒక్కటే: 1.234 లేదా 1,234. గుర్తు ఒక్కటే ఉండి, ఆ తర్వాత సరిగ్గా మూడు అంకెలు ఉంటే ఆ విలువ తనంతట తాను ఏమీ చెప్పదు. కాలమ్ మొత్తం అలాంటి విలువలే ఉంటే ఊహించడం మానేసి పంపినవారిని అడగండి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఊహ తప్పితే నిజంగా అంత నష్టం జరుగుతుందా?

జరుగుతుంది. మిర్చి ఎగుమతి చేసే ఒక కార్యాలయానికి నేను పని చేసిన రోజుల్లో జర్మనీ కొనుగోలుదారు నుంచి తూకాల పట్టిక వచ్చింది. అందులో నాలుగు వరుసలు ఇలా ఉన్నాయి: 850, 2.450, 1.200, 975. అన్నీ కిలోలే. నేను నేరుగా ఎక్కించాను. డేటాబేస్ ఒక్క ఎర్రర్ కూడా చూపలేదు. ఎందుకు చూపుతుంది? దాని దృష్టిలో 2.450 అనేది నిక్షేపమైన సంఖ్య. టేబుల్‌లో 850, 2.45, 1.2, 975 అని నిలిచాయి. రావలసిన మొత్తం 5,475 కిలోలు; నా నివేదికలో వచ్చింది 1,828.65 కిలోలు.

అక్కడి గుమస్తా గారు కాగితం మీద కూడుకుని, కంప్యూటర్‌లో వచ్చిన మొత్తం చూసి నన్ను పిలిచారు. వెయ్యి లోపు తూకాలు సరిగ్గా ఉండి, వెయ్యి దాటినవి మాత్రమే కుదించుకుపోయాయని ఆయనే వేలు పెట్టి చూపించారు. ఈ తప్పు ముద్ర అదే: చిన్న విలువలు బాగుంటాయి, పెద్దవి వెయ్యో వంతుకు పడిపోతాయి. పైపైన పది వరుసలు చూసి బాగుందనుకుంటే అది దొరకదు.

పంపేవారిని ఏమని అడగాలి?

ఇలా రాయండి: ఫైలు యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలనూ దాచగల ఎన్‌కోడింగ్‌లో) ఉండాలి, దశాంశానికి చుక్క ఉండాలి, అంకెల గుంపుల మధ్య ఏ గుర్తూ వద్దు, కరెన్సీ గుర్తు వద్దు, దానికి వేరే కాలమ్ పెట్టండి, తేదీ 2025-04-03 తీరులో ఏడాది, నెల, రోజు వరుసలో ఉండాలి.

దానితోపాటు వరుసల సంఖ్యనూ, ముఖ్యమైన కాలమ్ మొత్తాన్నీ అడగండి. ఆ మొత్తాన్ని అక్షరాలలో రాయమనండి. చెక్కు మీద మనం అంకెల్లో రాసి, మళ్లీ అక్షరాలా రాసేది ఊరికే కాదు. ‘పన్నెండు లక్షల ముప్ఫై నాలుగు వేలు’ అన్న మాటలో కామా ఎక్కడ పెట్టాలన్న తగాదా లేదు. విదేశీయులైతే వారి భాషలో రాసినా చాలు.

## ఎక్సెల్ దాటేటప్పుడు

సీఎస్‌వీని ఎక్సెల్‌లో ఒకసారి తెరిచి చూసుకుని ఎక్కించవచ్చా?

తెరవవచ్చు, కానీ భద్రపరచకండి. ఎక్సెల్ ఫైలును తెరిచేటప్పుడే మీ కంప్యూటర్ ప్రాంతీయ సెట్టింగుల ప్రకారం ప్రతి విలువనూ ఇది సంఖ్య, ఇది తేదీ అని తేల్చేసుకుంటుంది. సేవ్ నొక్కితే ఆ తేల్చుకున్నదే ఫైల్లోకి వెళ్తుంది. అసలు పాఠం పోతుంది. చూడడానికి నోట్‌ప్యాడ్ వంటి సాదా ఎడిటర్ వాడండి. ఎక్సెల్‌లోనే చూడాలంటే ఫైలు మీద రెండుసార్లు నొక్కి తెరవకుండా, డేటా మెనూలోంచి దిగుమతి చేసుకుని, అన్ని కాలమ్‌లనూ టెక్స్ట్ అని ఎంచుకోండి.

మా ఎక్సెల్ తీసిన సీఎస్‌వీలో కామాల బదులు సెమికోలన్లు ఉన్నాయి. పాడైందా?

పాడు కాలేదు. దశాంశానికి కామా వాడే దేశాల సెట్టింగులున్న కంప్యూటర్లో కాలమ్‌లను విడదీయడానికి కూడా కామానే వాడితే గందరగోళం కాబట్టి, విండోస్ అక్కడ సెమికోలన్ వాడుతుంది. ఎక్కించేటప్పుడు విభజన గుర్తు సెమికోలన్ అని చెప్పండి. ఇది మంచి ఆధారం కూడా: సెమికోలన్ కనిపించిందంటే లోపలి సంఖ్యల్లో కామా దశాంశం అయ్యే అవకాశం ఎక్కువ.

సర్వే నంబర్లు తేదీలుగా మారిపోతున్నాయి. ఎలా ఆపాలి?

భూముల డేటాతో పనిచేసే ప్రతి ఒక్కరికీ ఇది ఎదురవుతుంది. సర్వే నంబరు 12/3 అని ఉంటే ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుంటుంది. 45/2 జోలికి మాత్రం వెళ్లదు, 45 అనే రోజూ నెలా లేవు గనుక. అందుకే కాలమ్‌లో కొన్ని మారి కొన్ని మారకుండా ఉంటాయి. మారిన గడిని తిరిగి టెక్స్ట్ అని మార్చినా 12/3 రాదు. తేదీని ఎక్సెల్ లోపల దాచుకునే ఐదంకెల సంఖ్య బయటపడుతుంది. అసలు ఫైలును టెక్స్ట్‌గా మళ్లీ దిగుమతి చేసుకోవడమే దారి.

జన్యువుల పేర్లు కూడా ఇలాగే తేదీలైపోతుండడంతో, మానవ జన్యువులకు పేర్లు పెట్టే సంఘం 2020లో తన మార్గదర్శకాలు ప్రకటిస్తూ అలాంటి కొన్ని పేర్లనే మార్చింది. మన సర్వే నంబర్లను మార్చే వీలు లేదు కాబట్టి జాగ్రత్త మనదే.

బ్యాంకు ఖాతా నంబరు, ఆధార్ నంబరు 1.23457ఇ+11 లాగా వస్తున్నాయి. తిరిగి రాబట్టవచ్చా?

ఆ ఫైల్లోంచి రాబట్టలేరు. ఎక్సెల్ సాధారణ ఫార్మాట్‌లో పన్నెండు అంకెల సంఖ్యను ఇలా కుదించి చూపిస్తుంది. సీఎస్‌వీగా భద్రపరిస్తే కనిపిస్తున్నదే రాస్తుంది. పదిహేను అంకెలు దాటిన ఖాతా నంబర్లకు ఇంకో ప్రమాదం ఉంది: పదహారో అంకె నుంచి అన్నీ సున్నాలైపోతాయి. మూల ఫైలును మళ్లీ తెప్పించుకోండి.

ఖాతా నంబరు, ఆధార్, ఫోను, పిన్‌కోడ్ అంకెలతో ఉన్నా సంఖ్యలు కావు. వాటిని ఎవరూ కూడరు, తీసివేయరు. డేటాబేస్‌లోనూ వాటిని టెక్స్ట్ కాలమ్‌లోనే ఉంచండి. ముందున్న సున్నాలు కూడా నిలుస్తాయి.

## డేటాబేస్‌లోకి ఎక్కించేటప్పుడు

నేరుగా అసలు టేబుల్‌లోకి ఎక్కించకూడదా? మధ్యలో ఇంకో టేబుల్ ఎందుకు?

అన్ని కాలమ్‌లూ టెక్స్ట్‌గా ఉన్న స్టేజింగ్ టేబుల్ ఒకటి పెట్టుకుని ముందు అందులోకి ఎక్కించండి. ఫైలు పేరు, వరుస సంఖ్య, ఎక్కించిన సమయం, ఏ దేశపు తీరు అనేవి కూడా పక్కన రాయించండి. అక్కడి నుంచి మార్చి అసలు టేబుల్‌లోకి పంపండి. ఆరు నెలల తర్వాత ఎవరైనా వచ్చి ‘ఈ 2.45 ఎక్కడిది?’ అని అడిగితే, ఫైల్లో 2.450 అని ఉందని చూపగలగాలి. మూల పాఠం మీ దగ్గర లేకపోతే మీ దగ్గర ఉన్నది డేటా కాదు, ఎవరి ఊహో.

పోస్ట్‌గ్రెస్‌లో ప్రాంతీయ సెట్టింగ్ మార్చాను. అయినా కాపీ ఆదేశం 12,34,567.50ను ఒప్పుకోవడం లేదు. ఎందుకు?

సంఖ్యలకు సంబంధించిన ఆ సెట్టింగ్ టు_చార్, టు_నంబర్ వంటి ఫంక్షన్లకే పనిచేస్తుంది. కాపీ ఆదేశం ద్వారా న్యూమరిక్ కాలమ్‌లోకి వచ్చే విలువకు ఎప్పుడూ చుక్కే దశాంశం. గుంపుల కామాకు చోటు లేదు. కామా ఉంటే ఎర్రర్ చూపి ఆగుతుంది, అది మంచిదే.

టెక్స్ట్‌గా ఎక్కించి, రిప్లేస్ ఫంక్షన్‌తో కామాలు తీసేసి, న్యూమరిక్‌గా మార్చండి. జర్మన్ తీరు అయితే ముందు చుక్కలు తీసేసి, ఆ తర్వాత కామాను చుక్కగా మార్చాలి. ఈ వరుస తారుమారైతే దశాంశం కూడా కొట్టుకుపోయి 1.234,56 కాస్తా 123456 అవుతుంది. టు_నంబర్‌కు నమూనా ఇచ్చి కూడా చేయవచ్చు గాని, పొడవులు మారుతూ ఉండే కాలమ్‌లో రిప్లేసే తేలిక.

మైఎస్‌క్యూఎల్‌లో లక్షలన్నీ 12, 15 అయిపోయాయి. ఏమైంది?

12,34,567 లోని మొదటి కామా దగ్గర చదవడం ఆపేసి, మిగిలింది వదిలేసింది. తప్పు విలువను తిరస్కరించే స్ట్రిక్ట్ మోడ్ లేకపోతే ఇది ఎర్రర్ కాదు, హెచ్చరిక మాత్రమే. 5.7 నుంచి స్ట్రిక్ట్ మోడ్ మామూలుగానే ఉంటుంది కదా అనుకుంటారు. కానీ లోడ్ డేటా ఆదేశానికి లోకల్ అన్న మాట చేరిస్తే ఇలాంటి ఎర్రర్లు హెచ్చరికలుగా మారి పని సాగిపోతుంది. ఎక్కించిన వెంటనే షో వార్నింగ్స్ నడపడం అలవాటు చేసుకోండి.

సరైన పద్ధతి ఆ ఆదేశంలోనే ఉంది: విలువను నేరుగా కాలమ్‌కు ఇవ్వకుండా ముందు @ గుర్తుతో మొదలయ్యే వేరియబుల్‌లోకి తీసుకుని, సెట్ భాగంలో రిప్లేస్‌తో కామాలు తీసి కాలమ్‌కు ఇవ్వండి. ఖాళీ ఫీల్డుల సంగతి కూడా అక్కడే తేల్చండి. స్ట్రిక్ట్ మోడ్ లేనప్పుడు సంఖ్య కాలమ్‌లోకి వచ్చిన ఖాళీ సున్నా అయిపోతుంది.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మనీ టైపుకు మారిస్తే కామాలు వాటంతట అవే పోతున్నాయి. అది వాడవచ్చా?

మన ఫైళ్లకు పనికొస్తుంది, ఐరోపా ఫైళ్లకు ప్రమాదం. మనీ టైపు కామా ఎక్కడున్నా పట్టించుకోదు. 345,50 యూరోలు అని వస్తే దాన్ని 34,550గా తీసుకుంటుంది, నూరు రెట్లు. ఎర్రర్ ఉండదు. ట్రై_పార్స్ ఫంక్షన్‌కు జర్మన్ కల్చర్ కోడ్ (ఏ దేశపు తీరో చెప్పే కోడ్) ఇచ్చి డెసిమల్‌గా మార్చండి. కుదరని విలువకు నల్ (విలువ లేదని చెప్పే గుర్తు) ఇస్తుంది కాబట్టి వాటిని విడిగా ఏరి చూడవచ్చు. 2012 నుంచి అది అందుబాటులో ఉంది. ఈజ్‌న్యూమరిక్ ఫంక్షన్‌ను మాత్రం నమ్మకండి. ఒంటరి మైనస్ గుర్తును, కరెన్సీ గుర్తును కూడా అది సంఖ్యేనంటుంది.

ఒరాకిల్‌లో ఎలా?

దశాంశానికి ఏ గుర్తు, గుంపులకు ఏ గుర్తు అన్నది ఎన్ఎల్ఎస్_న్యూమరిక్_క్యారెక్టర్స్ అనే సెట్టింగ్ చెబుతుంది. సెషన్ మొత్తానికి మార్చకుండా, టు_నంబర్ ఫంక్షన్‌కు మూడో వాదనగా అక్కడికక్కడ ఇవ్వండి. సెషన్ సెట్టింగ్ మీద ఆధారపడిన కోడ్ మీ యంత్రంలో ఒకలా, సర్వర్‌లో ఒకలా నడుస్తుంది.

ఎస్‌క్యూలైట్ ఏమీ అనకుండా అన్నీ తీసుకుంది. సరిపోయినట్లేనా?

సరిపోయినట్లు కాదు. ఎస్‌క్యూలైట్‌లో కాలమ్ న్యూమరిక్ అని ప్రకటించినా, 12,34,567 సంఖ్యగా మారకపోతే టెక్స్ట్‌గానే దాచుకుంటుంది. కాస్ట్‌తో రియల్‌గా మారిస్తే మొదటి కామా వరకే చదివి 12 అంటుంది. టైపాఫ్ ఫంక్షన్‌తో ఆ కాలమ్‌లో టెక్స్ట్‌గా మిగిలినవి ఎన్నో లెక్కపెట్టండి.

పైథాన్‌లో పాండాస్ వాడుతున్నాను. సులువైన మార్గం ఏమిటి?

రీడ్_సీఎస్‌వీ ఫంక్షన్‌కు డెసిమల్, థౌజండ్స్ అని రెండు వాదనలు ఉన్నాయి. జర్మన్ ఫైలుకు మొదటిదానికి కామా, రెండోదానికి చుక్క ఇవ్వండి. మన లక్షల తీరుకు థౌజండ్స్‌కు కామా ఇస్తే చాలు. పేరు వేలు అని ఉన్నా అది కామాలు తీసేయడమే చేస్తుంది కాబట్టి రెండేసి అంకెల గుంపులైనా ఇబ్బంది లేదు. గుర్తింపు సంఖ్యలున్న కాలమ్‌లను మాత్రం డీటైప్ ద్వారా స్ట్రింగ్ అని ముందే చెప్పండి.

డబ్బుకు ఫ్లోట్ వాడాలా, డెసిమల్ వాడాలా?

డెసిమల్. ఫ్లోట్‌లో 0.1ని కచ్చితంగా దాచుకోవడం వీలుపడదు. వేల వరుసలు కూడేసరికి పైసలు తేలవు. దశాంశం తర్వాత ఎన్ని అంకెలన్నది కరెన్సీని బట్టి ఉంటుంది. రూపాయికి రెండు చాలు. కువైట్ దీనారుకు వెయ్యి ఫిల్సులు, కాబట్టి మూడు కావాలి. బహ్రెయిన్ దీనారు, ఒమన్ రియాల్ కూడా అంతే. కడప జిల్లా నుంచి కువైట్ వెళ్లినవారు ఇంటికి పంపే డబ్బు లెక్కల ఫైల్లో 87.375 అని ఉంటే, రెండంకెల కాలమ్ దాన్ని 87.38 చేసేస్తుంది. జపాన్ యెన్‌కు దశాంశమే అక్కర్లేదు.

## సంఖ్య చుట్టూ అంటుకుని వచ్చేవి

‘రూ.’ తీసేశాక 500 రూపాయలు అర్ధరూపాయి అయింది. ఎలా?

‘రూ.500’ లోంచి అక్షరాలను మాత్రమే తీసేశారు. చుక్క మిగిలింది. ‘.500’ అంటే 0.5. ఆంగ్లంలో రాసే సంక్షిప్తానికీ ఇదే గతి. ఇది చాలా తరచుగా జరిగే తప్పు, చదివి సవరించేవారి కంటికి కూడా ఆనదు. అక్షరాలు, చుక్క కలిపి ఒకే ముక్కగా తీసేయాలి, అదీ విలువ మొదట్లో ఉన్నప్పుడే. 2010లో వచ్చిన ₹ గుర్తుతో ఈ బాధ లేదు. చివర ‘500/-’ అని ఉండే గీతలనూ మర్చిపోకండి. ఆ మైనస్‌ను కొన్ని ప్రోగ్రాములు రుణసంఖ్యగా చదువుతాయి.

మైనస్ విలువలు ఎన్ని రకాలుగా వస్తాయి?

ఖాతా పుస్తకాల నుంచి వచ్చేవి (1,250.00) అని బ్రాకెట్లలో ఉంటాయి. ఎస్ఏపీ అనే వ్యాపార సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చేవి 1250- అని చివర మైనస్‌తో ఉంటాయి. ట్యాలీ, బ్యాంకు స్టేట్‌మెంట్లలో డీఆర్ (డెబిట్), సీఆర్ (క్రెడిట్) అని పక్కన ఉంటుంది. ఏది కలపాలో ఏది తీసివేయాలో ఎవరి ఖాతా వైపు నుంచి చూస్తున్నారన్న దాన్ని బట్టి మారుతుంది, కాబట్టి ఖాతాలు రాసేవారిని అడిగే తేల్చుకోవాలి. స్వీడన్, నార్వే తీరులో మైనస్ గుర్తు కీబోర్డు మీద ఉండే గీత కాదు, ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో 2212 సంఖ్య గల వేరే గుర్తు. కంటికి ఒకటే, డేటాబేస్‌కు వేరు.

ఖాళీలన్నీ తీసేశాను, అయినా ఫ్రెంచ్ సంఖ్యలు మారడం లేదు.

అవి మామూలు ఖాళీలు కావు. వరుస మధ్యలో విరగకుండా పెట్టే ఖాళీ ఒకటి, యూనికోడ్‌లో 00ఏ0. దాని సన్నని రూపం ఇంకొకటి, 202ఎఫ్. రిప్లేస్‌కు స్పేస్‌బార్ ఖాళీ ఇస్తే ఇవి కదలవు, ట్రిమ్ కూడా వీటిని ముట్టుకోదు. ఆ రెంటినీ పేరు పెట్టి విడిగా తీసేయండి. అనుమానం వస్తే విలువ పొడవును లెక్కించండి. కంటికి కనిపించే అక్షరాల కన్నా ఎక్కువ వస్తే ఏదో దాగి ఉన్నట్లు.

అంకెలు తెలుగులోనే ఉన్నాయి: ౧౨౩. వీటిని ఎలా మార్చాలి?

తెలుగు అంకెలు యూనికోడ్‌లో 0సీ66 నుంచి 0సీ6ఎఫ్ వరకు వరుసగా ఉన్నాయి. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్‌లలోనూ, 2017 నుంచి ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోనూ ఉన్న ట్రాన్స్‌లేట్ ఫంక్షన్‌కు ‘౦౧౨౩౪౫౬౭౮౯’ ఒకవైపు, ‘0123456789’ ఇంకోవైపు ఇస్తే పదింటినీ ఒక్కసారే మారుస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో అది లేదు, పదిసార్లు రిప్లేస్ రాయాలి. పైథాన్‌లో ఇంట్ ఫంక్షన్ ‘౧౨౩’ని ఉన్నదున్నట్లే 123గా చదువుతుంది.

ఇక్కడ ఒకటి దగ్గరగా చూడాలి. తెలుగు సున్నా ‘౦’, పూర్ణానుస్వారం ‘ం’ చూపుకు ఒకేలా ఉంటాయి. టైపు చేసేవారికి అంకె దొరకక అనుస్వారం నొక్కేస్తారు. ‘౧౦౦’ అన్నచోట ‘౧ంం’ ఉంటే ట్రాన్స్‌లేట్ చేశాక ‘1ంం’ మిగులుతుంది. సంఖ్యల కాలమ్ అని నిశ్చయంగా తెలిసినప్పుడు 0సీ02ని కూడా సున్నాగా మార్చండి, కానీ అలా మార్చిన వరుసలకు గుర్తు పెట్టుకోండి.

## సంఖ్యలా కనిపించి సంఖ్య కానివి

భూమి విస్తీర్ణం 2.20 అని ఉంది. డెసిమల్ కాలమ్‌లో పెట్టవచ్చా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవమంటాను. తెలంగాణ రికార్డుల్లో విస్తీర్ణాన్ని ఎకరాలు, గుంటల్లో రాస్తారు. 2.20 అంటే రెండు ఎకరాల ఇరవై గుంటలు. ఎకరానికి 40 గుంటలు కనుక అది రెండున్నర ఎకరాలు. ఆంధ్రలో ఎకరాలు, సెంట్లు. ఎకరానికి 100 సెంట్లు కనుక అక్కడి 2.20 నిజంగానే దశాంశ సంఖ్య. ఒకే రాతకు రెండు అర్థాలు.

ఒక రైతుకు మూడు ముక్కలున్నాయనుకోండి: 1.30, 2.20, 0.35. గుంటల్లో కూడితే 70, 100, 35 కలిసి 205 గుంటలు, అంటే ఐదు ఎకరాల ఐదు గుంటలు. డేటాబేస్ సమ్ ఫంక్షన్ 3.85 అంటుంది. దాన్ని ఎకరాలుగా చదివితే ఎకరం 11 గుంటలు కనబడకుండా పోయినట్లే. ఆ కుటుంబానికి పెట్టుబడి సాయమో, పంట నష్టపరిహారమో ఈ మొత్తం మీద లెక్కకడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

విస్తీర్ణాన్ని టెక్స్ట్‌గా తీసుకుని, చుక్క దగ్గర విడదీసి, మొత్తం గుంటలుగా మార్చి దాచండి. ఎక్సెల్ మీదుగా వస్తే 2.20 కాస్తా 2.2 అయిపోతుంది, విడదీస్తే రెండు గుంటలు వస్తాయి, ఇరవై కాదు. కాబట్టి ఫైలు ఎక్సెల్ సంఖ్యగా మారకముందే అందుకోవాలి. చుక్క తర్వాతి భాగం 40గాని అంతకన్నా ఎక్కువగాని ఉన్న వరుస ఒక్కటి కనిపించినా ఆ కాలమ్ గుంటల్లో లేదనో, తప్పు నమోదనో అర్థం. రెండు రాష్ట్రాల ఫైళ్లను కలిపేటప్పుడు ప్రమాణం పేరుతో వేరే కాలమ్ తప్పనిసరి. రెంటినీ పోల్చాలంటే చదరపు గజాల్లోకి తేండి: గుంటకు 121, సెంటుకు 48.4, ఎకరానికి 4,840.

ఇలాంటి చుక్కలు ఇంకెక్కడైనా ఉన్నాయా?

క్రికెట్ ఓవర్లు. 19.4 అంటే 19 ఓవర్ల 4 బంతులు. రన్‌రేటు తీయాలంటే 118 బంతులుగా మార్చుకోవాలి. గంటలు, నిమిషాలను 7.45 అని రాసే హాజరు పట్టికలదీ అదే సంగతి.

కాలమ్ పైన ‘రూ. లక్షల్లో’ అని ఉంది. ఎలా దాచాలి?

రూపాయలుగా మార్చి దాచండి, మూల విలువను స్టేజింగ్‌లో ఉంచండి. శీర్షికలోని ఆ చిన్న మాట సీఎస్‌వీగా తీసేటప్పుడు తరచూ పోతుంది. ప్రభుత్వ పట్టికల్లో ఒక పేజీ లక్షల్లో, ఇంకో పేజీ కోట్లలో ఉండడం మామూలే. విదేశీ ఫైల్లో మిలియన్లు ఉంటే, పది మిలియన్లు ఒక కోటి.

గీత, ఖాళీ, సున్నా మూడూ ఒకటేనా?

కాదు. ఖాళీ అంటే తెలియదని, నల్‌గా ఉంచండి. ఖాతాల్లో గీత అంటే సాధారణంగా సున్నా. సర్వే పట్టికల్లో వివరం అందలేదని. సగటు తీసినప్పుడు ఈ తేడా బయటపడుతుంది: నల్‌ను లెక్కలోకి తీసుకోదు, సున్నాను తీసుకుంటుంది.

## ఎక్కించిన తర్వాత

సరిగ్గా ఎక్కిందని ఎలా నిర్ధారించుకోవాలి?

వరుసల సంఖ్య, మొత్తం, కనిష్ఠం, గరిష్ఠం నాలుగూ పంపినవారి లెక్కతో సరిపోవాలి. ఆపైన విలువలను అంకెల పొడవు వారీగా గుంపులు చేసి చూడండి: వందల్లో ఎన్ని, వేలల్లో ఎన్ని, ఒకటికి పదికి మధ్య ఎన్ని. వేలల్లో ఒక్కటీ లేక, ఒకటికి పదికి మధ్య మూడు దశాంశాలతో విలువలు పోగుపడితే చుక్క తారుమారైందని దాదాపు ఖాయం. చివరగా, స్టేజింగ్‌లోని టెక్స్ట్ నుంచి అంకెలు తప్ప అన్నీ తీసేసి, మారిన సంఖ్యను అదే దశాంశ స్థానాలతో రాసి అలాగే అంకెలుగా చేసి రెంటినీ పోల్చండి. తేడా వచ్చిన వరుసలో ఒక అంకె ఎక్కడో రాలిపోయినట్లు.

నివేదికలో మళ్లీ లక్షల తీరులో కామాలు కావాలి.

డేటాబేస్‌లో సంఖ్యను సంఖ్యగానే ఉంచి, చూపించే చోట కామాలు పెట్టండి. బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ ఇంటల్ సదుపాయానికి భారతదేశపు తెలుగు లొకేల్ కోడ్ ఇస్తే 12,34,567 అని వస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఫార్మాట్ ఫంక్షన్ భారతీయ కల్చర్ కోడ్‌తో అదే చేస్తుంది. పోస్ట్‌గ్రెస్ టు_చార్‌లో నమూనాను మీరే రెండేసి అంకెలుగా రాసుకోవాలి.

తప్పు ఎక్కిందని ఏడాది తర్వాత తెలిసింది. వెయ్యితో గుణిస్తే సరిపోతుందా?

వెంటనే గుణించకండి. టేబుల్‌లో ఉన్న 2.45 మూలంలో 2.450 కావచ్చు, నిజంగానే రెండున్నర కిలోల లోపు నమూనా పొట్లం కావచ్చు. స్టేజింగ్ పాఠం ఉంటే మార్పిడిని సరిదిద్ది దాని నుంచే మళ్లీ నడపండి. లేకపోతే అసలు ఫైళ్లు, ఇన్‌వాయిస్‌లు తెప్పించి వరుస వరుసకూ పోల్చండి. సరిదిద్దిన ప్రతి వరుసకూ పాత విలువ, కొత్త విలువ, తేదీ, కారణం వేరే టేబుల్‌లో రాయండి. ఆ ఏడాదిలో ఆ సంఖ్యలతో ఏ నివేదికలు బయటికి వెళ్లాయో జాబితా తీసి, అందుకున్నవారికి మీరే ముందుగా తెలియజేయండి.